నాయన బాకీలు, మా నెల జీతం

జనాజా నమాజుకు ముందు మన మసీదుల్లో ఒక ప్రకటన వినిపిస్తుంది. మరణించినవారి కుమారుడో సోదరుడో వరుసల ముందు నిలబడి, వారు ఎవరికైనా బాకీ ఉంటే తమను కలవవచ్చనీ, దాన్ని తీర్చే బాధ్యత తమదనీ చెబుతారు. ఆ మాట పలకడానికి అర నిమిషం చాలు. 2019 నవంబరులో మా ఇంటి తరపున పలికిన ఆ మాటను నిలబెట్టుకోవడానికి మాకు 2020 జనవరి మొదలు 2022 సెప్టెంబరు వరకు, అంటే 33 నెలలు పట్టింది. ఆ నెలల్లో మా ఇంటి ఖర్చు ఎలా నడిచిందో, బాకీలు ఏ వరుసలో తీరాయో ఇక్కడ రాస్తున్నాం. కొత్తగా సంసారం మొదలుపెట్టిన వారికి ఏ కొంచెమైనా పనికి వస్తుందన్న ఆశతో లెక్కలు కూడా దాచకుండా పెడుతున్నాం.

మాది దూదేకుల కుటుంబం. గుంటూరులో మా నాయనకు పరుపుల దుకాణం ఉండేది. మా ఇద్దరిలో ఒకరికి ఆయన తండ్రి, మరొకరికి మామగారు. ఈ వ్యాసంలో ఇద్దరికీ నాయనే. పత్తి దూది, బూరుగు దూది ఏకించి పరుపులు, దిండ్లు కుట్టి ముప్పై ఏళ్ళు పిల్లలను పోషించారు. పెళ్ళిళ్ళ రోజులు రాకముందే దూదీ గుడ్డా అరువు తెచ్చుకోవడం, పరుపులు అమ్ముడుపోగానే ఆ అరువు తీర్చడం ఆ వృత్తిలో మామూలు. ఫోము పరుపులు ఇంటింటికీ చేరిన తరువాత అమ్మకం తగ్గింది, అరువు మాత్రం మునుపటి లెక్కలోనే ఉండిపోయింది. ఆయన దుబారా మనిషి కారు. ఒక్క పూట కూడా పనివాళ్ళను పస్తు ఉంచి తాను తిన్నవారు కారు. హఠాత్తుగా వచ్చిన గుండెపోటు బాకీలు సర్దుకునే వ్యవధి ఆయనకు ఇవ్వలేదు.

ధర్మం చెప్పే వరుస

మరణించినవారి సొమ్మును ఏ వరుసలో ఖర్చు చేయాలో మన ధర్మం స్పష్టంగా నిర్ణయించింది. మొదట కఫన్, ఖననం. తరువాత అప్పులు. ఆ తరువాత మూడో వంతుకు మించని వసీయతు. ఇవన్నీ పోగా మిగిలినది మాత్రమే వారసులది. దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో వారసత్వ వాటాలను వివరించిన 11, 12 ఆయతుల్లో వసీయతు, అప్పుల సంగతి చూశాకే పంపకం అన్న నియమం మళ్ళీ మళ్ళీ వస్తుంది. దైవప్రవక్త (స) తొలి రోజుల్లో జనాజా తెచ్చినప్పుడు ఆ మనిషికి బాకీ ఉందా అని అడిగేవారు. ఉంది, తీర్చడానికి ఏమీ విడిచిపోలేదు అంటే, మీరే నమాజు చేయించండి అని సహచరులకు చెప్పేవారు. అలాంటి ఒక సందర్భంలో హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీని తనపై వేసుకున్నారు, అప్పుడు ప్రవక్త (స) నమాజు చేయించారు. తరువాత విజయాల వల్ల ప్రజా నిధికి సంపద చేరినప్పుడు, అప్పు విడిచి పోయినవారి బాకీ తనదనీ, ఆస్తి విడిచి పోతే అది వారి వారసులదనీ ప్రకటించారు.

మృతుని సొమ్ము చాలకపోతే మిగిలిన బాకీని వారసులు తమ జేబులోంచి తీర్చడం తప్పనిసరి కాదని మా మసీదు ఇమామ్ సాహెబ్ మాకు ముందే చెప్పారు. తీర్చగలిగితే తండ్రికి అంతకంటే మేలైన కానుక లేదని కూడా అన్నారు. అమ్మా, మా ఆడపడుచూ, మేమిద్దరమూ కూర్చుని మాట్లాడుకున్నాం. అత్తవారింట ఉన్న ఆడపడుచు మీద భారం వేయకూడదని అనుకున్నాం. తాను పాలు పంచుకుంటానని ఆమె పట్టుబడితే, అమ్మ మందులకు ఎప్పుడైనా తక్కువ పడినప్పుడు ఆమెను అడిగేట్లు ఒప్పందం చేసుకున్నాం.

ఆరు పద్దులు

ఇరవై రోజులపాటు నాయన ఖాతా పుస్తకం, జేబు డైరీ, బీరువాలోని కాగితాలు వెతికి, వచ్చినవారి మాటలు విని ఒక జాబితా తయారు చేశాం. దూది వ్యాపారికి 1,12,000 రూపాయలు. పరుపు గుడ్డ కొట్టుకు 38,000. చీటీకి 45,000, అది పాట లేకుండా, పేరు తీసి వంతులవారీగా ఇచ్చే 20 నెలల చీటీ, నెలకు 5,000 చొప్పున ఇంకా తొమ్మిది నెలలు కట్టవలసి ఉంది. నాయనతోపాటు ఫజర్ నమాజుకు వెళ్ళే ఒక స్నేహితునికి చేబదులు 60,000. ప్రోనోటు మీద నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అసలు 50,000. ఇద్దరు పనివాళ్ళకు రావలసిన కూలి 14,000. మొత్తం 3,19,000 రూపాయలు.

ఇల్లు అద్దెది. నాయన విడిచిపోయినది దుకాణంలోని సామాను మాత్రమే. దూది ఏకే యంత్రం 40,000కు, సరుకు 26,000కు అమ్ముడుపోయాయి. దుకాణం అడ్వాన్సు 20,000 తిరిగి వచ్చింది. ఖాతాదారుల నుంచి 11,000 వసూలైంది. చేతిలో పడ్డవి 97,000.

ఇక్కడే అసలు ప్రశ్న ఎదురైంది. అందరికీ సరిపోని డబ్బును ముందు ఎవరికి ఇవ్వాలి? రోజూ ఫోన్ చేసేవారు ఒకరు, ఇంటి ముందు నిలబడేవారు ఒకరు, నోరు తెరిచి అడగలేనివారు ఇంకొకరు. గట్టిగా అడిగినవారికి ముందు ఇస్తే ఆ పూటకు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, కానీ మెత్తని మనిషికి అన్యాయం జరుగుతుంది. అందుకని గొంతును బట్టి కాక, హక్కును బట్టి వరుస వేసుకున్నాం.

మొదటిది కూలి. పనివాని చెమట ఆరకముందే అతని కూలి ఇవ్వాలన్న ప్రవక్త (స) బోధ మనందరికీ తెలుసు. ఆ ఇద్దరూ ఒక్కసారి కూడా మమ్మల్ని అడగలేదు. నాయన పోయిన బాధలో వారూ ఉన్నారు. వారి 14,000 వారి ఇళ్ళకే వెళ్ళి ఇచ్చివచ్చాం. రెండవది ప్రోనోటు. దాని అసలు నిలిచి ఉన్నంత కాలం నెలకు వెయ్యి రూపాయల వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అల్లాహ్ నిషేధించిన వడ్డీ ఇంట్లోంచి ముందు వెళ్ళిపోవాలన్నది మా కోరిక. పేటలోని ఇద్దరు పెద్దలను వెంట తీసుకుని వెళ్ళి, అసలు మొత్తం ఒకేసారి ఇస్తాం, నిలిచిపోయిన వడ్డీ వదిలివేయండి అని అడిగాం. ఆయన ఒప్పుకున్నారు. 50,000 లెక్కపెట్టి ఇచ్చి, ప్రోనోటు మీద చెల్లు రాయించుకుని వెనక్కు తెచ్చుకున్నాం. మిగిలిన 33,000 దూది వ్యాపారికి జమ చేశాం. జాబితాలో ఇక 2,22,000 మిగిలాయి.

కాగితం లేని బాకీలు

స్నేహితుని 60,000కు కాగితం లేదు, సాక్షి లేడు. దావా చేసినవారి మీదే రుజువు భారం ఉంటుందన్నది షరీఅతు సూత్రం. ఆయన రుజువు తేలేకపోయారు, అడగడానికే సిగ్గుపడ్డారు. అమ్మకు మాత్రం ఆడపడుచు పెళ్ళి నెలలో ఆయన ఒక కవరు తెచ్చి నాయన చేతిలో పెట్టిన సంగతి గుర్తుంది. అది తిరిగి ఇచ్చినట్లు ఇంట్లో ఎవరూ ఎరుగరు. అమ్మ మాట మాకు చాలింది, పద్దు రాసుకున్నాం. మరొకరు వచ్చి 25,000 రావాలన్నారు. ఖాతాలో లేదు, అమ్మకు తెలియదు, దుకాణంలో పనిచేసినవారికీ తెలియదు. పెద్దల ముందు వివరం చెప్పమన్నప్పుడు, బహుశా అది మునుపే చెల్లిపోయిందేమో అంటూ ఆయన వెనక్కు తగ్గారు. ఆయన అబద్ధమాడారని మేము అనుకోలేదు. పదేళ్ళనాటి లెక్క ఎవరి తలలోనైనా చెదిరిపోతుంది.

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు బఖరా సూరాలోని 282వది. గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగుపడకూడదనీ అందులో వివరంగా ఆదేశం ఉంది. మన వైపు స్నేహితుల మధ్య కాగితం అడిగితే నమ్మకం లేదని చిన్నబుచ్చుకుంటారు. ఆ కాగితం ఎవరి కోసమో నాయన స్నేహితుని ముఖం చూసినప్పుడు మాకు బాగా తెలిసింది. ఇచ్చినవారు సిగ్గుపడకుండా అడగగలగడానికి, పుచ్చుకున్నవారి పిల్లలు సందేహం లేకుండా తీర్చగలగడానికి అది అవసరం.

27,000లో సంసారం

ఆనాటికి మా ఇంట్లో ఐదుగురం: అమ్మ, మేమిద్దరం, ఐదేళ్ళ పాప, రెండేళ్ళ బాబు. మిర్చి కోల్డ్ స్టోరేజిలో గుమాస్తా జీతం 22,000, ఇంట్లో కుట్టుపని మీద దాదాపు 5,000, కలిసి నెలకు 27,000. 2020 జనవరి మొదటి తేదీన ఇషా నమాజు తరువాత కూర్చుని ఖర్చులు ఇలా నిర్ణయించుకున్నాం. అద్దె 6,000. రేషను బియ్యం పోగా పై బియ్యానికీ, సరుకులకూ 4,600. పాలు 1,500. కూరగాయలు, మాంసం 2,600. అమ్మకు చక్కెర, బీపీ మందులు 1,200. గ్యాసు, కరెంటు 1,400. పాప బడి ఫీజు 1,200. రానుపోను ఖర్చులు, ఫోన్లు 1,000. అనుకోని ఖర్చుకు 700. సదఖా 300. మొత్తం 20,500. మిగిలిన 6,500 బాకీలకు.

ఈ లెక్కలో రెండు పద్ధతులు మాకు చాలా మేలు చేశాయి. ఒకటి, జీతం అందిన రోజునే బాకీ డబ్బు విడిగా తీసి, ఆ వారంలోనే చెల్లించడం. నెలాఖరున మిగిలితే ఇద్దామనుకుంటే ఏ ఇంట్లోనూ ఏమీ మిగలదు. రెండు, ఖర్చుకు ఉంచిన డబ్బును వారాలుగా విడగొట్టడం. కూరగాయలు, మాంసానికి కేటాయించిన 2,600ను నాలుగు కవర్లలో 650 చొప్పున పెట్టాం. మూడో వారంలో చుట్టాలు వస్తే నాలుగో వారం పప్పుతోనూ ఆకుకూరతోనూ గడిచేది. వారానికి రెండుసార్లు వండే మాంసం శుక్రవారానికి పరిమితమైంది.

సదఖా 300 తీసివేస్తే బాకీకి కలుస్తుంది కదా అని ఒకరోజు మాలో మాకే మాట వచ్చింది. తీసివేయలేదు. ఆ 300 నుంచే పక్క సందులోని ఒక వృద్ధురాలికి నెలనెలా పాల ఖర్చు వెళ్ళేది. ఆమెకు మా బాకీలతో ఏం సంబంధం? అమ్మ మందుల 1,200ను కూడా తాకకూడదని రాసి పెట్టుకున్నాం. ఇంటి పెద్దలు ఖర్చు తగ్గించే రోజుల్లో తమ మాత్రలు తామే సగం చేసుకుంటారు, మనకు చెప్పరు. అందుకే మందుల పెట్టెలో మాత్రలు వారానికొకసారి మేమే లెక్కపెట్టేవాళ్ళం.

ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతులో అల్లాహ్ తన దాసుల గుణాలు చెబుతూ, వారు ఖర్చులో దుబారా చేయరనీ పిసినారితనం చూపరనీ, ఆ రెంటికీ మధ్య ఉంటారనీ తెలియజేశాడు. బాకీ ఉన్న ఇంట్లో దుబారా సులభంగా కనిపిస్తుంది. పిసినారితనం మాత్రం పొదుపు వేషంలో వస్తుంది. పిల్లల పాలు, పెద్దల మందు, పేదవారి హక్కు, ఈ మూడింటి దగ్గర దాన్ని ఆపాం.

పాపకు మేము బాకీల సంగతి దాచలేదు. తాతయ్య కొందరి దగ్గర డబ్బు తీసుకున్నారు, మనం తిరిగి ఇస్తున్నాం అని ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాం. ఈద్‌కు ఒక్క జత బట్టలే, అవీ ఇంట్లో కుట్టినవే. పొరుగు పిల్లల గౌన్లు చూసి ఆమె ఒకసారి ఏడ్చింది కూడా. పిల్లల ఏడుపు నిజమైనదే, దాన్ని చిన్నది చేయకూడదు. మిగిలిన గుడ్డముక్కలతో ఆమె బొమ్మకు కూడా గౌను కుట్టి ఇచ్చాం.

గడువు అడగడం, గడువు ఇవ్వడం

మూడు నెలలు సాఫీగా నడిచాయి. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. జీతం సగమైంది. జాకెట్లు, ఫాల్స్ కుట్టించుకునేవారు ఆగిపోయారు, మాస్కులు కుట్టి కొంత సంపాదించాం. బాకీకి ఇవ్వడానికి ఏమీ మిగలని స్థితి.

దైవప్రవక్త (స) నమాజులో అప్పుల బారి నుంచి తరచుగా శరణు వేడేవారు. ఎందుకంత ఎక్కువగా అని ఒకరు అడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడు, మాట ఇస్తే తప్పుతాడు అన్న భావంలో జవాబిచ్చారు. బాకీ మనిషి స్వభావాన్నే మార్చివేస్తుందన్న ఆ హెచ్చరిక మా మనసులో ఉంది. ఫోన్ ఎత్తకపోవడం, ఇంట్లో లేరని పిల్లల చేత చెప్పించడం, వచ్చే వారం అనడం అన్నీ దానికి మెట్లే. గడువు తేదీ రాకముందే, ఏప్రిల్ మొదటి వారంలో, మేమే అందరికీ ఫోన్ చేసి ఉన్న పరిస్థితి చెప్పాం. చీటీ నడిపే ఆయన అందరి వంతులనూ మూడు నెలలు వాయిదా వేశారు. గుడ్డ కొట్టు వారు సరేనన్నారు.

దూది వ్యాపారి మన మతానికి చెందినవారు కారు. ఆయన అన్న మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. “మీ నాయన మాట మీద ముప్పై ఏళ్ళు సరుకు ఇచ్చాను బాబూ, మూడు నెలలు ఆగలేనా?” ఇబ్బందిలో ఉన్న బాకీదారునికి వెసులుబాటు కలిగే వరకు గడువు ఇవ్వాలనీ, వదిలివేస్తే అది ఇంకా మేలనీ బఖరా సూరా 280వ ఆయతు చెబుతుంది. ఆ ఆయతు తెలియని మనిషి దాన్ని మాపై ఆచరించి చూపారు. తెలిసిన మనం మన బాకీదారులతో ఎలా ఉంటున్నామో ఆలోచించుకోవాలి.

జూలై నుంచి చెల్లింపులు మళ్ళీ మొదలై, డిసెంబరుకు చీటీ పూర్తయింది. గుడ్డ కొట్టుకు నెలకు 1,500 చొప్పున 13,500 చేరాయి. కుట్టుపని పెరిగి, 2021 జనవరి నుంచి నెలకు 8,000 ఇవ్వగలిగాం. ఏప్రిల్ నాటికి గుడ్డ కొట్టు బాకీ తీరింది, దూది వ్యాపారికి 71,500 మిగిలాయి.

ఏడవ పద్దు

మే నెలలో రెండవసారి కరోనా ఉధృతమైనప్పుడు నాయన స్నేహితుని ఇంట్లో ఇద్దరు జబ్బుపడ్డారు. ఏడాదిన్నరగా ఒక్క మాట అనని మనిషి, మీకు వీలైతే అని ఫోన్ చేశారు. ఆ నెల 8,000 తప్ప మా దగ్గర ఏమీ లేదు. మహర్‌గా వచ్చిన రెండు సన్నని గాజులు బీరువాలో ఉన్నాయి.

మహర్ భార్య సొంత ఆస్తి. దాని మీద భర్తకు గానీ అత్తవారికి గానీ హక్కు లేదు. అవసరం ఎంతటిదైనా అడిగి తీసుకోవడం వేరు, ఆమె తానుగా ఇవ్వడం వేరు. గాజులు అమ్ముదామన్న మాట వాటి హక్కుదారు నోటి నుంచే వచ్చింది. అమ్మగా 52,000 వచ్చాయి. అదే సాయంత్రం స్నేహితునికి 60,000 పూర్తిగా చేరాయి. రాత్రి పుస్తకంలో ఏడవ పద్దు రాశాం: భర్త భార్యకు బాకీ, 52,000 రూపాయలు, తేదీ, ఇద్దరి సంతకాలు, సాక్షిగా అమ్మ వేలిముద్ర. భార్యాభర్తల మధ్య కాగితమేమిటని అమ్మ నవ్వింది, తరువాత తనే వేలు ముందుకు చాచింది. ఇంట్లోని మనిషి మెత్తనిది కదా అని ఆమె హక్కును చివరకు నెట్టి, ఆపై మరిచిపోవడం మన ఇళ్ళలో ఎక్కువగా జరిగే అన్యాయం. రాసి ఉంటే మరిచిపోవడం కుదరదు.

మధ్యలో మసీదు కమిటీవారు జకాతు నిధి నుంచి సహాయం చేస్తామన్నారు. తౌబా సూరా 60వ ఆయతు పేర్కొన్న ఎనిమిది వర్గాల జకాతు హక్కుదారుల్లో అప్పులపాలైనవారు కూడా ఉన్నారు. కనుక అది తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. మా సంపాదనతో నెట్టుకురాగలం గనుక, లాక్‌డౌన్‌లో బండి అమ్ముకున్న ఒక ఆటో సోదరుని పేరు చెప్పాం. నిజంగా దారి లేనివారు మొహమాటపడి ఆ హక్కును వదులుకోకూడదు.

2022 ఫిబ్రవరికి దూది వ్యాపారి బాకీ తీరింది. ఆయన ఖాతాలో నాయన పేరున్న పేజీకి అడ్డంగా గీత గీసి మాకు చూపారు. మార్చి నుంచి సెప్టెంబరు వరకు ఏడవ పద్దు తీరింది. అల్హందులిల్లాహ్.

ఇప్పటి పద్ధతి

బాకీలకు అలవాటైన ఆ 8,000ను ఖర్చులో కలిసిపోనివ్వలేదు. మూడు భాగాలు చేశాం: పిల్లల చదువుకు కొంత, ఆరోగ్య అవసరాలకు కొంత, ఖర్జె హసనాకు కొంత. ఈ మూడవ భాగం నుంచి బంధువుల్లో, పేటలో అవసరపడినవారికి వడ్డీ లేని చేబదులు ఇస్తున్నాం. మొత్తం చిన్నదే, ఐదు వేలో పది వేలో. రాసుకునే ఇస్తున్నాం. వెనుకబడినవారికి గడువు ఇస్తున్నాం.

కొత్త దంపతులకు మేము చెప్పగలిగినవి కొద్ది మాటలే. ఇద్దరికీ తెలియని బాకీ ఇంట్లో ఉండకూడదు. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి నుంచి ఎంత రావాలో ఒకే పుస్తకంలో ఉండాలి, ఆ పుస్తకం ఎక్కడ ఉందో ఇంట్లో మరొకరికి తెలిసి ఉండాలి. చేతిలో ఉన్నది అందరికీ చాలనప్పుడు నోరులేనివారి హక్కును ముందు చూడాలి. గడువు దాటేలా ఉంటే అవతలివారు అడగకముందే చెప్పాలి. చెప్పవలసిన విషయం ఏదైనా ఉన్న ముస్లిము తన వసీయతు రాసి దగ్గర ఉంచుకోకుండా రెండు రాత్రులు కూడా గడపకూడదని ప్రవక్త (స) బోధించారు. మా ఇద్దరి వయసు ఇంకా నలభై దాటలేదు. అయినా మా వసీయతులు రాసి పెట్టుకున్నాం. ఏటా రమజాను మొదటి రోజున తీసి, మారిన లెక్కలు సరిచేసుకుంటున్నాం.

అల్లాహ్ మా నాయనను మన్నించి జన్నతులో చోటు ఇచ్చుగాక! బాకీలలో ఉన్న ప్రతి కుటుంబానికీ హలాల్ సంపాదనలో బర్కతు ప్రసాదించి, ఒకరి హక్కు మెడమీద లేకుండా తనను కలుసుకునే భాగ్యాన్ని మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.